మరక కనిపించింది: నెలసరా, గర్భమా? తేల్చుకునే పద్ధతి

"సిస్టర్, డేట్‌కి ఇంకా నాలుగు రోజులుంది. పొద్దున కొంచెం కనిపించింది. పీరియడ్ అనుకోవాలా, ఇంకేమైనానా?"

విశాఖలో గాజువాక వైపు ఒక ఆడవాళ్ల ఓపీలో పదిహేనేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. ఈ ప్రశ్న వినని వారం లేదు. అందరూ గొంతు తగ్గించే అడుగుతారు. కొందరు నాలుగేళ్లుగా పిల్లల కోసం ఎదురుచూస్తున్నవాళ్లు, కొందరు ఇప్పుడే వద్దనుకుంటున్నవాళ్లు. ఇద్దరి టెన్షనూ ఒకటే, అడిగేదీ ఒకటే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మరక రంగు చూసి ఇది గర్భమో, నెలసరో నేను చెప్పలేను. డాక్టరమ్మ కూడా చెప్పలేరు. తేదీ, ఎంత పోతోంది, నొప్పి ఎలా ఉంది, టెస్టులో ఏం వచ్చింది, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టుకుంటేనే విషయం బయటపడుతుంది. ఆ నాలుగింటినీ వరసగా ఎలా చూసుకోవాలో చెబుతాను.

మొదట క్యాలెండర్ తీయండి

వంటింటి గోడకున్న క్యాలెండరైనా సరే, ఫోనులో ఉన్నదైనా సరే. పోయిన నెలసరి మొదలైన రోజు కావాలి, ఆగిపోయిన రోజు కాదు. చాలామంది తలస్నానం చేసిన రోజు చెబుతారు. దాంతో లెక్క మూడు నాలుగు రోజులు అటూ ఇటూ అయిపోతుంది.

28 రోజులకోసారి నెలసరి వచ్చే మనిషిని అనుకుందాం. జూలై 1న మొదలైంది. మళ్లీ రావలసింది జూలై 29. అండం విడుదలయ్యేది సాధారణంగా తర్వాతి నెలసరికి 14 రోజుల ముందు, అంటే జూలై 15 ప్రాంతంలో. అండం ఫలించి, పిండం గర్భసంచి గోడకు అతుక్కోవడానికి అక్కడి నుంచి 6 నుంచి 12 రోజులు పడుతుంది. ఎక్కువమందిలో అది 8, 9, 10 రోజుల్లో జరుగుతుంది. అంటే జూలై 21, 27 మధ్య. ఆ సమయంలో కనిపించే చిన్న మరకనే 'పిండం అతుక్కున్నప్పటి స్పాటింగ్' అంటారు. అది డేట్‌కి కొన్ని రోజుల ముందే రావాలన్నమాట.

మీది 35 రోజుల చక్రమైతే లెక్క మారిపోతుంది. జూలై 1న వచ్చినవారికి మళ్లీ ఆగస్టు 5న రావాలి. అండం విడుదల జూలై 22 ప్రాంతంలో, అతుక్కోవడం జూలై 28, ఆగస్టు 3 మధ్య. పక్కింటి అమ్మాయికి 25వ రోజున కనిపించింది కాబట్టి మీకూ 25వ రోజునే కనిపించాలని లేదు. 14 రోజులు వెనక్కి లెక్కపెట్టాల్సింది మీ డేట్ నుంచి.

ఇక్కడొక సంగతి గుర్తుంచుకోండి. గర్భం వచ్చిన చాలామందికి ఈ మరక అసలు కనిపించదు. కనిపించలేదని ఆశ వదులుకోనక్కర్లేదు, కనిపించిందని స్వీట్లు పంచనూ అక్కర్లేదు. డేట్ రోజున గానీ, దాటాక గానీ కొంచెం బ్లీడింగ్ అయితే అది నెలసరే అయి తీరాలని కూడా లేదు. గర్భం వచ్చినవారిలో నలుగురిలో ఒకరికి మొదటి మూడు నెలల్లో ఎప్పుడో ఒకప్పుడు ఎంతో కొంత బ్లీడింగ్ కనిపిస్తుంది. వాళ్లలో సగానికి పైగా గర్భం చక్కగా నిలబడుతుంది.

రెండు రోజులు ప్యాడ్‌ని గమనించండి

మరక కనిపించగానే తెల్లటి ప్యాడ్ పెట్టుకోండి. ఉతికి ఎండబెట్టిన తెల్లటి నూలు గుడ్డైనా పర్వాలేదు. జెల్ ఉన్న మందపాటి ప్యాడ్లు తడినంతా లోపలికి పీల్చేసుకుంటాయి, ఎంత పోయిందో పైకి తెలియదు. తేలేదాకా లోపల పెట్టుకునే కప్పులు, ట్యాంపాన్లు వద్దు.

గర్భం తొలిరోజుల మరక ఎక్కువగా ఎలా ఉంటుందంటే, తుడుచుకున్నప్పుడు లేత గులాబీ రంగు కనిపిస్తుంది. లేదా లోదుస్తుల మీద కాఫీ డికాషన్ ఒలికినట్టు గోధుమరంగు చార ఉంటుంది. కుంకుమ బొట్టంత, మహా అయితే రూపాయి బిళ్లంత. పూటంతా పెట్టుకున్నా ప్యాడ్ నిండదు. కొన్ని గంటలు ఉండి పోతుంది, లేదా ఒకటి రెండు రోజులు వస్తూ ఆగుతూ ఉంటుంది. గడ్డలు పడవు. గోధుమరంగు ఎందుకంటే, రక్తం నెమ్మదిగా, కొంచెం కొంచెంగా దిగుతూ దారిలోనే పాతబడుతుంది. అంతకుమించి ఆ రంగుకు అర్థం లేదు.

నెలసరి నడక వేరు. అది కూడా చాలామందికి గోధుమ మరకతోనే మొదలవుతుంది, పొరపాటు పడేది అక్కడే. కానీ నెలసరి పెరుగుతుంది. మొదటిరోజు సాయంత్రానికో, రెండోరోజుకో ఎర్రగా ధారగా మారుతుంది, ప్యాడ్ మార్చక తప్పదు, చిన్న గడ్డలు పడొచ్చు, మూడు నుంచి ఏడు రోజులుండి తగ్గుతుంది. అందుకే మొదటి గంటలో నిర్ణయం చేయకండి. 24 గంటల తర్వాత అది పెరిగిందా, అక్కడే ఉందా, ఆగిపోయిందా అన్నది రంగు కంటే ఎక్కువ చెబుతుంది.

ఫోనులో నాలుగు ముక్కలు రాసి పెట్టుకోండి. ఎన్ని గంటలకు కనిపించింది, ఏ రంగు, ప్యాడ్‌లో ఎంత, నొప్పి ఉందా. ఓపీలో డాక్టర్ అడిగినప్పుడు "కొంచెం అండి" అనడం కన్నా ఈ నాలుగు ముక్కలు వంద రెట్లు మేలు.

మిగతా లక్షణాల సంగతికొస్తే, రొమ్ముల నొప్పి, నీరసం, చిరాకు, పొత్తికడుపు పట్టేసినట్టుండటం నెలసరికి ముందూ వస్తాయి, గర్భానికీ వస్తాయి. రెండింటికీ కారణం అదే ప్రొజెస్టెరాన్ హార్మోను. వీటిని పట్టుకుని ఏమీ తేల్చలేం. వాంతులు, వికారం మాత్రం ఎక్కువమందికి డేట్ దాటిన వారం పది రోజుల తర్వాత గానీ మొదలుకావు. మరక కనిపించిన రోజే "వాంతి రాలేదు, కాబట్టి గర్భం కాదు" అనుకోవద్దు.

ఈమధ్య ఏమైనా మాత్రలు వేసుకున్నారా?

ఓపీలో ఈ ప్రశ్న రెండుసార్లు అడుగుతాను. మొదటిసారి అడిగితే "లేదు" అంటారు. "సింహాచలం వెళ్లడానికి గానీ, పెళ్లికి గానీ డేట్ వాయిదా వేయడానికి?" అని అడిగితే "ఆ, అవి వేసుకున్నానండి" అంటారు. మన ఇళ్లలో వాటిని మందుల కింద లెక్కేయరు. అక్షయ తృతీయ నాడు అప్పన్న చందనోత్సవం, ఏడాదికి ఒక్కరోజే నిజరూప దర్శనం. దానికోసం మెడికల్ షాపులో నోరెథిస్టెరాన్ మాత్రలు తెచ్చి వేసుకోవడం ఇక్కడ మామూలే.

ఆ మాత్రలు ఆపిన రెండు మూడు రోజులకు సాధారణంగా బ్లీడింగ్ వస్తుంది. వేసుకుంటుండగా మధ్యలో మరక కూడా పడొచ్చు. డేట్ వాయిదా కోసం వేసుకునే ఈ మోతాదు గర్భం రాకుండా ఆపుతుందన్న భరోసా లేదు, అది తెలియక మోసపోతారు. మాత్రలు ఆపాక వారమైనా రాకపోతే, లేదా వచ్చీ రానట్టు మరక మాత్రమే పడితే, టెస్టు చేసుకోవాల్సిందే.

కలిసిన 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్ర కూడా ఇలాగే గందరగోళం చేస్తుంది. కొన్ని రోజులకు చిన్న మరక పడుతుంది, నెలసరి వారం దాకా ముందుకో వెనక్కో జరుగుతుంది. కలిసిన రోజు నుంచి మూడు వారాలు లెక్కపెట్టి టెస్టు చేసుకోండి. రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్ర మరచిపోవడం, కాపర్-టీ, థైరాయిడ్, పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య), గర్భసంచి ముఖద్వారం దగ్గర ఇన్‌ఫెక్షన్, ఇవన్నీ కూడా మరకకు కారణాలే. కలిసిన తర్వాత ప్రతిసారీ రక్తం కనిపిస్తుంటే గర్భం సంగతి అలా ఉంచి, ముఖద్వారం పరీక్ష చేయించుకోండి.

టెస్టు ఎప్పుడు, ఎలా

మరక కనిపించిన రోజే పరుగెత్తి కిట్ తెచ్చి చూస్తే చాలాసార్లు ఒక్క గీతే వస్తుంది. పిండం అతుక్కున్నాకే హెచ్‌సీజీ హార్మోను పుడుతుంది, అది రక్తంలో పెరిగి మూత్రంలోకి రావడానికి రోజులు కావాలి. ఎక్కువ కిట్‌లు 25 యూనిట్ల స్థాయికి చేరితేనే పట్టుకుంటాయి. కాబట్టి డేట్ వచ్చేదాకా ఆగండి. డేట్ దాటి వారమైతే ఫలితం ఇంకా నమ్మకంగా ఉంటుంది. డేట్ ఏదో తెలియనివాళ్లు, పాలిచ్చే తల్లులు, నెలసరి అస్తవ్యస్తంగా వచ్చేవాళ్లు చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టుకోండి.

పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం మంచిది. పరవాడ ఫార్మా కంపెనీల్లో, స్టీల్‌ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ చేసి వచ్చేవాళ్లకు 'పొద్దున' అంటే అర్థం వేరు. మీరు పడుకుని లేచాక వచ్చే మొదటి మూత్రం తీసుకోండి, అది మధ్యాహ్నం మూడింటికైనా సరే. ముందు చెంబుడు నీళ్లు తాగకండి, పలచబడిపోతుంది.

కిట్‌ను బాత్రూం అరలో దాచకండి. మన సముద్రపు గాలికి గోడలే చెమ్మగిల్లుతాయి. పొడిగా ఉన్న బీరువాలో పెట్టి, టెస్టు చేసే నిమిషంలోనే కవరు చింపండి. కవరు మీద ఎక్స్‌పైరీ చూడండి. మూత్రాన్ని శుభ్రమైన, సబ్బు అంటని గిన్నెలో పట్టండి. కిట్‌ను చదునుగా పెట్టి, ఇచ్చిన డ్రాపర్‌తో కవరు మీద రాసినన్ని చుక్కలు, ఎక్కువ కిట్‌లలో మూడు, ఆ గుండ్రటి గుంటలో వేయండి. తడి మెల్లగా కిటికీ మీదుగా గులాబీ రంగులో పాకుతుంది. 'సి' దగ్గర గీత రావాలి. అది రాకపోతే కిట్ పాడైనట్టే, ఫలితం చెల్లదు. 'సి'తో పాటు 'టి' దగ్గర కూడా వస్తే గర్భం. 'టి' గీత లేతగా ఉన్నా అది గీతే. కానీ 5 నిమిషాలకు చూడాలి. 10 నిమిషాలు దాటాక చూస్తే ఆరిపోయిన తడి మచ్చ గీతలా కనిపిస్తుంది. పొద్దున పారేసిన కిట్‌ను సాయంత్రం చెత్తబుట్టలోంచి తీసి చూసి ఏడ్చినవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

ఒక్క గీతే వచ్చి, డేట్ దాటినా నెలసరి రాకపోతే 48 నుంచి 72 గంటలాగి మళ్లీ చేయండి. తొలిరోజుల్లో ఈ హార్మోను రెండు మూడు రోజులకోసారి సుమారు రెట్టింపవుతుంది కాబట్టి మొన్న కనిపించనిది ఈరోజు కనిపిస్తుంది. వారం తర్వాత కూడా ఒక్క గీతే అయితే డాక్టర్‌ను కలవండి.

కిట్ కొనడానికి మొహమాటమైతే మీ వార్డు ఆశా కార్యకర్తను అడగండి. వాళ్ల దగ్గర 'నిశ్చయ్' కిట్ ఉచితంగా దొరుకుతుంది. పట్టణ ఆరోగ్య కేంద్రంలోనూ ఈ పరీక్ష చేస్తారు. పిల్లల కోసం చికిత్సలో ఉన్నవాళ్లు మాత్రం ఇంట్లో కిట్‌తో చూసుకోకండి. అండం విడుదల కోసం ఇచ్చే ఇంజెక్షన్‌లో ఉండేది అదే హెచ్‌సీజీ. అది ఒంట్లో ఉన్నన్నాళ్లూ, పది పన్నెండు రోజుల దాకా, గర్భం లేకపోయినా రెండు గీతలు రావచ్చు. మీ డాక్టర్ చెప్పిన రోజున రక్తపరీక్ష చేయించుకోండి.

రెండు గీతలు, పైగా మరక

నెలసరా గర్భమా అన్న ప్రశ్న ఇక్కడితో తీరిపోయింది. ఇప్పుడు ప్రశ్న గర్భం ఎక్కడుంది, ఎలా ఉంది అన్నది. ఈ భాగం మాత్రం నిదానంగా చదవండి.

మా చెల్లి సంగతి చెబుతాను. డేట్ రోజునే గోధుమరంగు మరక పడింది. మూడు రోజులు అంతే, ప్యాడ్ తడవలేదు. "ఈసారి తక్కువైందక్కా" అంది ఫోనులో. నేను ఓపీ హడావుడిలో "వేడి చేసిందేమోలే" అన్నాను. నర్సునై ఉండి ఆ మాట అన్నాను. రెండు వారాల తర్వాత ఎన్‌ఏడీ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా కుడివైపు పొత్తికడుపులో పొడిచినట్టు నొప్పి. పక్కనున్న మందుల షాపులో గ్యాస్ మాత్ర ఇచ్చారు, వేసుకుంది. ఇంటికొచ్చి పడుకుంటే భుజం లాగుతోందంది, లేవబోతే కళ్లు తిరిగి పడిపోయింది. మా మరిది 108కి ఫోన్ చేశాడు కాబట్టి బతికింది. గర్భం గర్భసంచిలో కాకుండా, అండం దిగివచ్చే ట్యూబులో ఉంది, ఆ ట్యూబు పగిలి కడుపంతా రక్తం. ఆ మూడు రోజుల మరక రోజున ఒక్క కిట్ వాడి ఉంటే, లేదా నేనొక్క మాట సరిగ్గా అడిగి ఉంటే, ఆపరేషన్ దాకా వచ్చేది కాదేమో.

ట్యూబులో గర్భం నూటికి ఒకటి రెండు గర్భాల్లో వస్తుంది. ఆఖరి నెలసరి మొదటిరోజు నుంచి లెక్కేస్తే, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఇబ్బంది బయటపడుతుంది. బయటికి పోయే రక్తం కొంచెమే ఉంటుంది. "కొంచెమే కదా" అన్న ధైర్యమే ఇక్కడ ప్రమాదం, ఎందుకంటే అసలు రక్తం పోయేది లోపలికి. భుజం నొప్పి రావడానికి కారణం, కడుపులో చేరిన రక్తం ఊపిరితిత్తుల కిందున్న పొరను రాపిడి చేయడం. ముందు ట్యూబు ఆపరేషన్లు అయినవాళ్లు, ఒకసారి ట్యూబులో గర్భం వచ్చినవాళ్లు, కాపర్-టీ ఉండగా గర్భం వచ్చినవాళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాక నెల తప్పినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఈ కిందివాటిలో ఏది కనిపించినా పగలు, రాత్రి అని చూడకండి. ఒకవైపు పొత్తికడుపులో ఆగని నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం, చెమటలు పట్టడం, గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు నిండిపోవడం, పెద్ద గడ్డలు గానీ ముక్కలు గానీ పడటం, జ్వరంతో పాటు దుర్వాసన. 108కి ఫోన్ చేయండి. స్కూటీ మీద ఎక్కించుకుని తీసుకెళ్లకండి, దారిలో స్పృహ తప్పితే అది ఇంకో ప్రమాదం. మహారాణిపేటలో పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఉంది, ఆడవాళ్లకు, పిల్లలకు ప్రత్యేకంగా విక్టోరియా ఆసుపత్రి ఉంది, దాన్నే ఘోషా ఆసుపత్రి అంటే ఆటోవాళ్లందరికీ తెలుసు. దగ్గరలో ఆపరేషన్ సౌకర్యమున్న ప్రైవేటు ఆసుపత్రి ఉంటే అక్కడికే వెళ్లండి, ముఖ్యం సమయం.

నొప్పి లేకుండా మరక మాత్రమే ఉంటే ఒకటి రెండు రోజుల్లో డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చాలాసార్లు లోపలి నుంచి చేసే స్కాన్ రాస్తారు, సిగ్గుపడి వద్దనకండి, తొలివారాల్లో పొట్ట మీది నుంచి చేసే స్కాన్‌కి సరిగ్గా కనిపించదు. ఐదు వారాలకు గర్భపు సంచి, ఆరు వారాలు దాటాక గుండె చప్పుడు కనిపిస్తాయి. ఐదో వారంలో స్కాన్ చేయించుకుని "గుండె కొట్టుకోవడం లేదట" అని కుప్పకూలిపోకండి, వారం పది రోజులాగి మళ్లీ చూస్తారు. 48 గంటల తేడాతో రెండుసార్లు రక్తపరీక్ష చేస్తే హెచ్‌సీజీ ఎలా పెరుగుతోందో తెలుస్తుంది. ఆ అంకెలు ఫోనులో వెతుక్కుని మీరే అర్థం చెప్పుకోకండి. మీది నెగటివ్ బ్లడ్ గ్రూపు అయితే వెళ్లగానే ఆ మాట చెప్పండి, తల్లి రక్తానికీ బిడ్డ రక్తానికీ పడకపోవడాన్ని ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ కావాలో లేదో వాళ్లు చూస్తారు.

గర్భం వద్దనుకుంటున్నవాళ్లకు ఒక్క మాట. స్కాన్ లేకుండా షాపులో గర్భం పోవడానికి అమ్మే కిట్ మాత్రలు తెచ్చి వేసుకోకండి. గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్రలు దాన్ని ఆపలేవు. బ్లీడింగ్ వచ్చేసరికి పని అయిపోయిందనుకుంటారు, ఈలోగా లోపల ట్యూబు పగులుతుంది. చట్టం ప్రకారం గర్భం తీయించుకునే దారి ఉంది, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అత్తగారికి, అమ్మకు కూడా ఒక మాట. మరక పడిందనగానే "బొప్పాయి తిన్నావా, మెట్లెక్కావా, బండి మీద తిరిగావా" అని ఆ పిల్లను నిలదీయకండి. తొలివారాల్లో నిలబడని గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల లోపం వల్లే పోతాయి. అది ఆమె చేసిన తప్పు కాదు, ఆపగలిగేదీ కాదు. మంచం దిగకుండా పడుకోబెడితే గర్భం నిలుస్తుందనీ తేలలేదు. ఆమెకు మీరు చేయగలిగిన సాయం, పక్కన కూర్చుని ఆసుపత్రికి తోడు వెళ్లడం.

గర్భిణి కార్డులో ఏ తేదీ రాయించాలి

గర్భం వారాలను ఆఖరి నెలసరి మొదటిరోజు నుంచి లెక్కేస్తారు. మరక పడిన రోజును నెలసరి అని చెబితే లెక్కంతా దాదాపు నెల వెనక్కిపోతుంది. డాక్టర్‌కు రెండు తేదీలూ చెప్పండి: మామూలుగా, నిండుగా వచ్చిన ఆఖరి నెలసరి ఎప్పుడు, ఆ తర్వాత మరక ఎప్పుడు.

రెండేళ్ల క్రితం మధురవాడ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. భర్తది షిప్పు మీద ఉద్యోగం, జూలై 18న బయల్దేరి వెళ్లిపోయాడు. జూలై 25న పడిన రెండు రోజుల మరకను ఆమె నెలసరి అనుకుంది, కార్డులో అదే రాశారు, డెలివరీ మే మొదట్లో అన్నారు. అత్తగారు ఇంట్లో వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టింది. కడుపు ఆగస్టులో వచ్చినట్టు తేలింది, కొడుకేమో జూలైలోనే వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ పిల్లతో సరిగ్గా మాట్లాడలేదు.

సెప్టెంబరు ఆఖర్లో స్కాన్ కోసం ఇద్దరూ వచ్చారు, మధ్యలో ఒక కుర్చీ ఖాళీ వదిలి కూర్చున్నారు. కార్డు లెక్కన తొమ్మిది వారాలు కూడా నిండని బిడ్డ, స్కాన్‌లో పన్నెండు వారాలు దాటి ఉంది. తొలి మూడు నెలల స్కాన్ లెక్క వారం లోపే అటూ ఇటూ అవుతుంది, అంతకు మించి తేడా రాదు. డాక్టరమ్మ అత్తగారిని లోపలికి పిలిచి, కోడలికి అసలు నెలసరి వచ్చిన జూలై 1 నుంచి ఒక్కో వారమూ కాగితం మీద గీసి చూపించారు. మరక పడిన చోట చిన్న చుక్క పెట్టారు. పాత తేదీ కొట్టేసి ఏప్రిల్ మొదటి వారం అని రాసిచ్చారు. బయటికొచ్చాక ఆ పెద్దావిడ కార్డు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత వెళ్లి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంది.